ముప్పావు అంగుళం

మన పిచ్చుకని పోయిన వారం మేడ మీద గదిలో, చేతిలో జిగురు కుంచెతో, చెవులు రిక్కించుకుని నిలబడ్డ మనిషిగా వదిలేశాం. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు చెప్పి ముందుకు పోదాం. పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు అమ్మ కుట్టుమిషను కింద రాలిన పేలికలన్నీ ఏరి మూలన పోగేసుకునేదని ఆ పేరు పడింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా ఏరుకోవడం మానలేదు, పేరూ వదల్లేదు. వారంలో ఆరు రోజులు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఏడో రోజు ఈ రేకుల గదిలో బొమ్మలు చేస్తుంది. వేస్తుంది అనకుండా చేస్తుంది అనడానికి కారణముంది. ఆమె బొమ్మల్లో రంగు పాలు సగమే. మిగతా సగం అమ్మ కొలతలు గీసి, గుడ్డ మీద పరిచి కత్తిరించుకున్నాక పారేసిన కటింగ్ కాగితాలు, కాలరులో పెట్టే బక్రం, దారం, టీ డికాక్షను మరకలు, షాపులో పగిలిన కళ్ళద్దాలు.

ఆ అతుకుల బొమ్మల్లో ఒకటి మొట్టమొదటిసారి ప్రదర్శనకి ఎంపికయింది. ఆదివారం క్లాసు చెప్పే డ్రాయింగు మాస్టారు ఈరోజు సాయంత్రం అయిదింటికి ఆటో తీసుకొచ్చి పట్టుకెళ్తారు. దరఖాస్తులో 'మీకు స్ఫూర్తి ఎవరు' అన్న గడి దగ్గర మూడు రోజులు కలం కొరికి కొరికి, చివరికి 'చనిపోయిన మా నాన్న' అని రాసింది. ఆమెకి పదకొండేళ్ళప్పుడు నాన్న పని మీద ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఏడాది పాటు బడి నుంచి రాగానే మెట్ల మీద కూర్చుని ఎదురు చూసింది. ఒక రోజు అమ్మ వచ్చి పక్కన కూర్చుని, మీ నాన్న పోయాడని కబురొచ్చింది, ఇంక లోపలికి రా అంది.

పోయిన వారం చివర్లో వినిపించిన అడుగులు ఆ అమ్మవే. గది వేసుకున్న ఆరేళ్ళలో ఆవిడ ఒక్కసారీ ఈ మెట్లు ఎక్కలేదు. కూతురితో పనుంటే కింద తన కుట్టు షాపులోంచే కత్తెర పిడితో నీళ్ళ గొట్టం మీద టంగుమని కొడుతుంది. అలాంటి మనిషి మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వస్తోందంటే ఏదో కొంప మునిగిందనే పిచ్చుక అనుకుంది.

అమ్మ గుమ్మం పట్టుకుని రొప్పింది. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పిచ్చుక స్టూలు జరిపినా కూర్చోలేదు. నేల మీద జిగురు గిన్నె, సీసాల్లో డికాక్షను, గోడ నిండా గుచ్చిన కాగితాలు. ఇంకో రోజయితే ఇది గదా, పాతసామాను కొట్టా అని అందుకునేది. ఇవాళ ఆ ఊసే ఎత్తలేదు.

"ఇస్త్రీ బల్ల వెనకాల మేక్కి ఓ కటింగ్ కాగితం ఉండాలే. చొక్కాది. నువ్వు తీశావా?"

"అతుకుల మీద అతుకులేసి అట్టలా అయిపోయింది, అదేనా?"

"అదే. ఏదీ?"

పిచ్చుకకి నవ్వొచ్చింది. ఇంతేనా అనుకుంది. కుంచెతోనే గోడకి ఆనించిన బొమ్మని చూపించింది. నాలుగడుగుల చెక్క మీద ఒక చొక్కా, లోపల మనిషి లేకుండా చేతులు చాచుకుని ఉంది. చొక్కా అంతా ఆ కటింగ్ కాగితమే. దాని మీద మసి, నీలం రంగు, అడ్డదిడ్డంగా ఎర్ర దారం కుట్లు. పెన్సిలు అంకెలు ఉన్న చోటల్లా ఒక కళ్ళద్దం అతికించింది. అద్దం కింద అంకెలు ఉబ్బి కనిపిస్తాయి.

"అక్కడుంది. చెత్తలో వేసేదే కదా అని తెచ్చాను. మాస్టారు దాన్ని చూసే ఎంపిక చేశారమ్మా. ఇన్ని అతుకులు ఎవరేశారు అని అడిగితే మా అమ్మే అని చెప్పాను."

అమ్మ మొహంలో రంగు మారిపోయింది. బొమ్మలు చూడ్డానికి వచ్చినవాళ్ళు చూసినట్టు దాన్ని చూడలేదు. దొంగలు పట్టుకుపోయిన సామాను పక్కింట్లో కనిపిస్తే చూసినట్టు చూసింది.

"తీసెయ్."

"ఏంటి?"

"దాన్ని తీసి నాకివ్వు. నేనివాళ గుడ్డ కత్తిరించాలి."

"అమ్మా, అది జిగురు పెట్టి అతికించాను. పైన రంగేశాను. కుట్టేశాను. అయిదింటికి మాస్టారొస్తున్నారు. ఒక చొక్కా కోసమా? ఆయనెవరో మళ్ళీ పిలిచి కొలతలు తీసుకో."

"ఆయన రాలేడు."

"పోనీ పుస్తకంలో చూసి కత్తిరించు."

"పుస్తకంలో లేదు."

పిచ్చుక కుంచె కింద పెట్టింది. ఆ మాట ఆమెకి కొరుకుడు పడలేదు. అమ్మ కొలతల పుస్తకం సంగతి ఆమెకి తెలియనిది కాదు. దిండు గలీబుకి వచ్చినవాళ్ళ పేరు కూడా తేదీ వేసి రాస్తుంది. అందులో లేకుండా అమ్మ చేతిలో కత్తెర కదలదు.

"ముప్పై ఏళ్ళలో నువ్వు పుస్తకంలో రాయని కొలత ఇదొక్కటేనా? ఎవరిది?"

"ఒక కస్టమరుది."

"పేరు?"

"పేరుతో నీకేం పని? పాత కస్టమరు. ఎల్లుండి కాక ఆ మర్నాడు ఊరొదిలి వెళ్ళిపోతున్నారు. చేతి పొడుగు నాకు నోటికొచ్చు. భుజం వాలు, చంక గుండ్రం నోటికి రావు కదా. ఆ కాగితం కావాలి నాకు."

"ఇన్ని చొక్కాలు కుట్టినదానివి, ఒక్క చంక అంచనాకి కత్తిరించలేవా?"

"ఈ ఒక్కటీ అంచనాకి కుట్టను," అని అమ్మ గబగబా బొమ్మ దగ్గరికి నడిచింది. మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో మరి. వంగి చూపుడు వేలు పెట్టింది. అన్ని పొరల రంగు కింద, మసి కింద, ఎడమ చేతి అంచు ఎక్కడుందో ఆ వేలు వెతుక్కోలేదు. తిన్నగా వెళ్ళి దాని మీదే ఆనింది. వెంటనే బొటనవేలి గోరు దూర్చి లేపడం మొదలెట్టింది. నీలం రంగు పెచ్చు ఒకటి ఊడి నేల మీద పడింది.

"ముట్టుకోకు!"

పిచ్చుక అమ్మ మణికట్టు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక అమ్మతో ఆ గొంతుతో మాట్లాడింది లేదు. ఇద్దరూ బిత్తరపోయారు. అయినా అమ్మ గోరు ఆ అంచు వదల్లేదు. సూదిలో దారం కళ్ళు మూసుకుని ఎక్కించే చెయ్యి అది. అది దేన్నయినా ఇలా గోకి పీకడం పిచ్చుక ఎప్పుడూ చూడలేదు.

కోపంతో పాటు భయం కూడా పట్టుకుంది పిచ్చుకకి. అమ్మ వేలు ఎక్కడ ఆగిందో అటే చూసింది. ఎడమ చెయ్యి. ఆ కాగితం మేకు నుంచి తీసిన రోజే గమనించింది, రెండు చేతులూ సమానం కావని. ఎడమది కాస్త పొట్టి. అమ్మ ఎక్కడో పొరపాటు పడి పక్కన పడేసిందనుకుంది. ఆ పొరపాటే ఆమెకి నచ్చింది. బొమ్మకి ప్రాణం అక్కడే ఉందని మాస్టారు కూడా అన్నారు.

అమ్మ కొలతలో పొరపాటు పడదు.

ఆ ఒక్క మాట తట్టగానే మిగతాది దానంతటదే వచ్చింది. తనకి ఆరేళ్ళు. రెడీమేడు చొక్కా ఒకటి అమ్మ ఒళ్ళో ఉంది. ఎడమ చేతి పట్టీ విప్పి పైకి మడుస్తోంది. తను గుండుసూదుల డబ్బా పట్టుకుని పక్కన కూర్చుని ఎంతమ్మా, ఎంతమ్మా అని ప్రాణం తీస్తోంది. ముప్పావు అంగుళం, నోరు మూసుకో అని అమ్మ. చిన్నప్పుడు గోడ మీంచి పడి మోచెయ్యి వంకరగా అతుక్కుందని, అందుకే తన ఎడమ చెయ్యి అలిగి వెనక్కి వెళ్ళిందని నవ్విస్తూ నాన్న. కొత్త చొక్కా ఎప్పుడు కొన్నా అంతే. ఎడమ పట్టీ విప్పాల్సిందే.

"ఎడమ చెయ్యి ముప్పావు అంగుళం పొట్టి," అంది పిచ్చుక మెల్లగా. "అమ్మా. ఈ కాగితం ఎవరిది?"

అమ్మ మణికట్టు విడిపించుకుంది.

"పాతది కదా? ఆయన ఉన్నప్పటిది. అంతేనా? మరి ఇవాళ కత్తిరించడమేంటి? ఊరొదిలి వెళ్ళిపోవడమేంటి? ఎవరు వెళ్ళిపోతున్నారు?"

"ముందు కాగితం ఇవ్వు. చెప్తాను."

"ముందు చెప్పు."

"కాగితం ఇస్తేనే చెప్తాను," అంది అమ్మ. మొండితనంలో తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే. "నువ్వు దాన్ని తీసి నా చేతిలో పెట్టు, నువ్వు ఏదడిగితే అది చెప్తాను. లేదంటే నీ బొమ్మ నువ్వు పంపించుకో. నేను కిందికి పోతాను. చచ్చేదాకా మళ్ళీ ఈ మాట ఎత్తను."

ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అది పిచ్చుకకి బాగా తెలుసు.

మూడు నెలల ఆదివారాలు ఆ చెక్క మీద పోశానని ఆమె లెక్క వేసుకోలేదు. అలాంటి లెక్కలు వేసుకునే తీరిక లేదు. అయినా ఏడుపొచ్చింది. ఏ పనిలోనూ ఎవరూ శభాష్ అనని మనిషికి మొదటిసారి ఒకరు నీ పని బాగుందన్నారు. ఆ బొమ్మని నలుగురి మధ్య గోడ మీద చూసుకోవాలని ఆశపడింది. ఆశ పడ్డానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. కానీ నాన్న మాట వచ్చాక ఆమెకి ఇంకో దారి లేదు. రెండు చేతులతో చెక్కని పట్టుకుని నేల మీద పడుకోబెట్టింది.

కళ్ళద్దాలు ముందు తీసింది. చిన్న చాకు మొన దూర్చి ఒక్కొక్కటే లేపింది. తర్వాత కుట్లు. అమ్మ తన జాకెట్లో దోపుకున్న సూదిలాంటి చిన్న కత్తెర తీసి, అడక్కుండానే ఇటు వైపు కుట్లు తెంపడం మొదలెట్టింది. పై పొరలకి తెల్ల జిగురు వాడినా, అడుగున మాత్రం ఎప్పుడూ మైదా ఉడికించిన జిగురే పెడుతుంది పిచ్చుక. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతుంది. పొరపాటున అతికించినా మళ్ళీ ఊడదీసుకోవచ్చని ఆ జిగురంటే ఇష్టం. స్టవ్ మీద నీళ్ళు గోరువెచ్చన చేసి, పాత తువ్వాలు ముంచి, చొక్కా మీద పరిచింది. నీళ్ళు నీలంగా కారి అమ్మ చీర అంచుకి తగిలాయి. ఆవిడ పక్కకి జరగలేదు.

పావుగంటకి కాగితం మెత్తబడింది. రంగు తోలులా లేచింది. దాని కింద ఎడమ చెయ్యి మొత్తంగా ఊడి వస్తుందని పిచ్చుక చూస్తే, అది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎందుకంటే అది ఒక కాగితం కాదు. మనిషి లావయినప్పుడు అంచుకి ఒక పట్టీ అతికించి, సన్నబడినప్పుడు కత్తిరించి, మళ్ళీ ఇంకో పట్టీ అతికించి, ఒకే కాగితాన్ని అమ్మ ఏళ్ళ తరబడి దిద్దుకుంటూ వచ్చింది. ఒక్కో పట్టీ వెనక, అతుకు కింద మూసుకుపోయిన చోట, పెన్సిలుతో ఒక తేదీ. పిచ్చుక వాటిని నేల మీద వరసగా పేర్చింది. అన్నీ ఈ నెలవే. ఏడాది మాత్రం వేరు. ఏడాదికొకటి, ఒక్క ఏడాది కూడా తప్పలేదు.

ఇరవై రెండు పట్టీలు.

మొదటి పట్టీ మీద ఉన్నది, అమ్మ మెట్ల మీద పక్కన కూర్చుని మీ నాన్న పోయాడని చెప్పిన ఏడాది.

"బతికే ఉన్నాడు," అంది పిచ్చుక. అడగలేదు, అంది.

అమ్మ గోడకి జారగిలబడి నేల మీద కూర్చుంది. చెప్తానన్న మాట నిలబెట్టుకుంది. దాచుకోకుండా, అలాగని ఏడవకుండా, కస్టమరుకి గుడ్డ ఎంత పడుతుందో చెప్పే గొంతుతోనే చెప్పింది.

"ఊరెళ్ళడం అబద్ధం. అక్కడ ఇంకో ఇల్లుంది ఆయనకి. మూడు గంటల బస్సు దూరం. వెళ్ళిన ఏడాదికి మధ్యాహ్నం పూట షాపులోకి వచ్చాడు. చేతిలో గుడ్డ పట్టుకుని. నేను కత్తెర విసిరేద్దామనుకున్నాను. ఇద్దరు కస్టమర్లున్నారు బెంచీ మీద. ఆయనేమో, 'చొక్కా కుట్టాలండీ' అన్నాడు. నలుగురిలో ఏం చెయ్యను? కొలత తీశాను. 'బిగువుగానా, వదులుగానా' అన్నాను. 'కొంచెం వదులుగా' అన్నాడు. 'గురువారం రండి' అన్నాను. గురువారం వచ్చి పట్టుకెళ్ళాడు. అంతే."

"అంతే అంటే?"

"అంతే. మళ్ళీ ఏడాది వచ్చాడు. మళ్ళీ వదులుగానా, బిగువుగానా. మళ్ళీ గురువారం. ఇరవై రెండేళ్ళ నుంచి మేం మాట్లాడుకున్నది అదే. నువ్వు బడిలోనో, కళ్ళజోళ్ళ షాపులోనో ఉండే వేళ చూసి వస్తాడు. తిడదామని ప్రతి ఏడూ అనుకునేదాన్ని. చెయ్యెత్తి నిలబడితే టేపు పెట్టకుండా ఎలా ఉండను? చేతికి అలవాటైపోయింది. ఆ మనిషి మీద కోపం చొక్కా మీద చూపించలేకపోయాను."

"నాతో చచ్చిపోయాడని చెప్పావు."

"నువ్వు అన్నం తినకుండా మెట్ల మీద కూర్చునేదానివి."

"ఇరవై రెండేళ్ళమ్మా! ఏడాదికోసారి నా ఇంటికొచ్చి నిలబడి వెళ్ళిన మనిషిని నేను చచ్చిపోయాడనుకుని..." పిచ్చుకకి మాట పూర్తి కాలేదు. కోపం, సంతోషం రెండూ ఒకేసారి వచ్చి పడ్డాయి. "నా గురించి ఏం అడిగేవాడు?"

అమ్మ నేల వంక చూసింది.

"మొదటిసారి వచ్చినప్పుడు అడిగాడు. ఒక్క మాట."

"ఏమడిగాడు? నువ్వేం చెప్పావు?"

"ఇవాళ పొద్దున ఫోనొచ్చింది," అంది అమ్మ ఆ ప్రశ్నని దాటేసి. "ఆయన కూతురంట. అదే, అక్కడి పిల్ల. దానికి నేనెవరో తెలీదు. 'మా నాన్నకి నిలబడే ఓపిక లేదు టైలరమ్మగారూ, మొండిమనిషి, ఇంకెవరి దగ్గరా కుట్టించుకోరు, బుధవారం మేం మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నాం, పాత కొలతతో ఒక్క చొక్కా కుట్టిపెట్టండి' అంది. ఇంక ఇటు రారు. ఇదే ఆఖరిది. నాలుగింటికి గుడ్డ తెచ్చిస్తానంది."

మాట్లాడుతూనే అలవాటు కొద్దీ అమ్మ ఎడమ చేతి తడి కాగితాన్ని నేల మీద సవరించి మెడలోని టేపు తీసి దాని మీద పెట్టింది. ఇంకోసారి పెట్టి చూసింది.

"ఇరవై మూడుంపావు ఉండాలి," అంది. "ఇరవై మూడున్నర దాటింది."

పిచ్చుక చటుక్కున చూసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తడిసిన కాగితం సాగుతుంది. ఆరితే ముడుచుకుంటుంది. తడి గొడుగుతో షాపులోకి అడుగుపెట్టినవాళ్ళని కటింగ్ కాగితాల దరిదాపులకి రానివ్వని మనిషి అమ్మ. కాగితం ఎటు వైపు ఎంత సాగుతుందో చూసుకుని మరీ అతికించే మనిషి పిచ్చుక. ఇద్దరికిద్దరూ పంతం మీద ఉండి, కళ్ళ ముందు నీళ్ళు పోస్తూ, ఆ సంగతే మర్చిపోయారు. బొమ్మ పోయింది. బొమ్మని బలిపెట్టి తీసిన కాగితం కూడా కొలతకి పనికిరాకుండా పోయింది.

కింద ఆటో హారన్ మోగింది. మాస్టారేమోనని పిచ్చుక గబుక్కున లేచింది. టైము చూస్తే నాలుగు.

"టైలరమ్మగారూ!" అని ఒక ఆడపిల్ల గొంతు. "గుడ్డ తెచ్చానండీ. నాన్నగారు కూడా వచ్చారు. వద్దంటే విన్లేదు. ఆటోలోనే ఉన్నారు, దిగలేరు. మీరొక్కసారి బయటికొచ్చి కొలత తీసుకుంటారా?"

అమ్మ మొహం కత్తి వేటుకి నెత్తురు చుక్క లేకుండా అయింది. లేవబోయింది. మోకాళ్ళు సహకరించక మళ్ళీ కూలబడింది. పిచ్చుక అప్పటికే నేల మీది టేపు తీసుకుంది.

"వద్దు," అంది అమ్మ ఆమె చీర కొంగు పట్టుకుని. "నేనెళ్తాను. నన్ను లేపు. నువ్వు వద్దు."

"నువ్వు దిగేసరికి అరగంట పడుతుంది."

"పట్టనీ! పిచ్చుకా, నా మాట విను. వెళ్ళకు. పోనీ వెళ్ళినా నువ్వెవరో చెప్పకు. షాపులో పనిచేసే అమ్మాయినని చెప్పు. ఒట్టెయ్యి."

"ఎందుకు చెప్పకూడదు? తప్పు చేసింది ఆయన. నేనేం చేశాను?"

అమ్మ కొంగు ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆ భయం నాన్నని చూసి పడుతున్న భయంలా లేదు. ఇంకేదో ఉంది. పిచ్చుకకి అది ఆ క్షణంలో అడిగే ఓపిక లేదు. కొంగు విడిపించుకుని మెట్లు దిగింది. వెనక నుంచి అమ్మ తన పేరు పెట్టి రెండు సార్లు పిలిచింది.

షాపు ముందు ఆటో ఆగి ఉంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, చేతిలో గుడ్డ మూట, భుజానికి మందుల సంచీ. "టైలరమ్మగారు లేరా అక్కా?" అంది.

"మోకాళ్ళు బాగోలేదు. నేను తీస్తాను," అంది పిచ్చుక.

ఆ పిల్ల మందుల చీటీ వెనక వైపు తిప్పి పెన్సిలు పట్టుకుంది. "మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

పిచ్చుక ఆటోలోకి వంగింది. జ్ఞాపకంలో ఉన్న నాన్న గుమ్మానికి తల తగిలేంత మనిషి. సీటు మూలకి ఒదిగి కూర్చున్న ఈయన సగమే ఉన్నాడు. ఒంటి మీద అమ్మ కుట్టిన చొక్కా. భుజాల దగ్గర వదులైపోయి జారుతోంది. ఎడమ పట్టీ మాత్రం మణికట్టు దగ్గర సరిగ్గా ఆగింది. ఆయన ఆమె మొహం చూశాడు. మామూలుగా, పనివాళ్ళ మొహం చూసినట్టు చూసి, అలవాటుగా చెయ్యి చాపాడు.

"కొంచెం వదులుగా ఉంచండమ్మా," అన్నాడు. "కొత్త ఊళ్ళో తిండి బాగుంటే ఒళ్ళొస్తుందేమో."

ఆ పిల్ల నవ్వింది. పిచ్చుకకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. భుజం మీద టేపు పెట్టింది. చొక్కా కింద ఎముక తగిలింది. "భుజం పదహారున్నర," అంది. పెన్సిలు గీసిన చప్పుడు. ఆయన ఒంటి నుంచి మందుల వాసన, దాని కింద ఏనాటిదో తెలిసిన వాసన. "ఛాతీ ముప్పై నాలుగు." కుడి చెయ్యి ఇరవై నాలుగు. ఎడమ చెయ్యి ఇరవై మూడుంపావు. అది కొలవకుండానే చెప్పగలదు, అయినా కొలిచింది. కొలిచినంతసేపూ ఆ చెయ్యి పట్టుకోవచ్చు కదా.

ఆయన ఆమె వేళ్ళు చూస్తున్నాడు. గోళ్ళలో నీలం, మణికట్టు దాకా మసి.

"రంగులేస్తావా అమ్మా?"

"అప్పుడప్పుడు."

"ఈ ఇంట్లో ఓ పిల్ల ఉండేది, అచ్చం ఇలాగే ఎప్పుడు చూసినా చేతుల నిండా రంగే," అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "మీ టైలరమ్మగారి పాప. పన్నెండేళ్ళయినా రాకుండానే పోయింది, పాపం."

పిచ్చుక చేతిలో టేపు ఆగిపోయింది.

"నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు?" అంది ఆ పిల్ల.

"చెప్పనీవే. మళ్ళీ ఈ గుమ్మం చూస్తానా? మొదటిసారి చొక్కాకి వచ్చినప్పుడు, పాప ఎలా ఉందండీ అన్నాను. పోయిందండీ, జ్వరం వచ్చి పోయింది అన్నారావిడ. టేపు మడుస్తూ అన్నారు. ఇంక నాకు ఆవిడతో మాట్లాడే మొహం లేకపోయింది. ఏడాదికోసారి వచ్చి ఆ పిల్ల ఆడుకున్న చోట కాసేపు నిలబడి పోయేవాణ్ణి. చొక్కా ఓ వంక." ఆయన కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. ఈసారి మొహంలోకి తేరిపార చూశాడు. చూసిన కొద్దీ ఆయన నుదురు ముడిపడింది.

వెనక మెట్ల మీద, గోడ పట్టుకుని కూర్చుని కూర్చుని దిగుతున్న అమ్మ అక్కడే ఆగిపోయింది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

పిచ్చుక నోరు తెరిచింది.